కంబాలకొండలో సీతాకోకల లెక్క: 29 నడకల్లో లెక్కకు నిలిచినవి 20

ఎవరైనా ఇదే పని మొదలుపెడితే నేను చేసిన తప్పులు మళ్ళీ చేయకూడదని రాస్తున్నాను. పని చెప్పుకోవడానికి చిన్నదే. విశాఖ పక్కనున్న కంబాలకొండ అభయారణ్యంలో సందర్శకులు నడిచే దారిలో ఒక కిలోమీటరు ఎంచుకోవాలి. వారానికోసారి ఒకే వేగంతో నడవాలి. ఎడమ పక్క రెండున్నర మీటర్లు, కుడి పక్క రెండున్నర, ముందుకు ఐదు, పైకి ఐదు మీటర్లు. ఇంత పెట్టె ఒకటి మనతోపాటే కదులుతోందనుకుని, అందులోకి వచ్చిన సీతాకోకచిలుకలనే లెక్కపెట్టాలి. పెట్టె బయట ఎంత అందమైనది ఎగిరినా అది లెక్కలోకి రాదు.

ఈ పద్ధతి బ్రిటన్‌లో పొలార్డ్ అనే ఆయన 1970లలో తయారుచేసింది. 1976 నుంచి అక్కడ ఇలాగే ఏటా లెక్క తీస్తున్నారు. విశాఖకు వచ్చేసరికి దాంట్లో ఏవేవి మార్చాల్సి వచ్చిందో కింద ఉంది.

కంబాలకొండను 2002లో అభయారణ్యంగా ప్రకటించారు. దాదాపు 71 చదరపు కిలోమీటర్లు. ఒక పక్క హైవే మీద లారీలు, ఇంకో పక్క చిరుతలు తిరిగే కొండలు. నేను టికెట్ కొని, అందరూ నడిచే దారిలోనే నడిచాను. వల పట్టుకెళ్ళలేదు, దేన్నీ ముట్టుకోలేదు. అభయారణ్యంలో అనుమతి లేకుండా వాటిని పట్టడం నేరం, ఈ పనికి అవసరం కూడా లేదు.

దశ 1: దారి కొలత (జూన్)

కిలోమీటరు కొలవడం ఒక పనా అనుకున్నాను. నెలంతా దానికే పోయింది.

మొదట ఫోన్‌లో నడక యాప్ పెట్టుకుని కిలోమీటరు అనగానే ఆగాను. మూడు రోజులు కొలిస్తే మూడు చోట్ల ఆగాను. మొదటి చోటికీ మూడో చోటికీ మధ్య 140 మీటర్ల తేడా. కొండ మలుపుల్లో, చెట్ల కింద ఫోన్‌కి సిగ్నల్ సరిగా అందదు. నేను నిలబడి ఉన్నా తెర మీద చుక్క మాత్రం గెడ్డ (కొండవాగు) దాటి వెళ్ళిపోయేది.

తర్వాత నైలాన్ తాడు. బట్టలారేసుకునేదే, 20 మీటర్లు ఇంట్లో కొలిచి కోశాను. మా మేనల్లుడు ఒక కొస, నేను ఇంకో కొస పట్టుకుని యాభై సార్లు పరిచాం. కిలోమీటరు వచ్చేసింది. ఇంటికొచ్చాక అనుమానమొచ్చి తాడు మళ్ళీ కొలిస్తే 20 మీటర్ల 60 సెంటీమీటర్లు ఉంది. లాగి లాగి సాగిపోయింది. మొదటినుంచీ అంతే పొడవుంటే దారి 1030 మీటర్లని రాసుకోవచ్చు. కానీ ఎక్కడ సాగడం మొదలైందో తెలియదు, కాబట్టి ఆ తప్పును తీసేసే దారి కూడా లేదు. అప్పటికే ఆ దారి మీద మూడు నడకలు నడిచి 141 సీతాకోకలు రాసుకున్నాను. మొత్తం కొట్టేశాను.

చివరికి పనికొచ్చింది ఇది:

1. 30 మీటర్ల ఫైబర్ టేపు. సాగదు, తడిసినా ఫర్వాలేదు.
2. 33 సార్లు పరిచి, ఆపైన 10 మీటర్లు. మలుపులో అడ్డంగా లాగకుండా దారి మధ్యలోనే పరవాలి.
3. కిలోమీటరును 200 మీటర్ల చొప్పున ఐదు ముక్కలు చేయాలి. ప్రతి ముక్కకూ లెక్క విడిగా.
4. చెట్లకు రంగు పూయకూడదు, మేకు కొట్టకూడదు. ముక్క ఎక్కడ మొదలవుతుందో అక్కడున్న కల్వర్టునో, రాయినో, బోర్డునో ఫోటో తీసి పెట్టుకోవాలి.

నాలుగో దాంట్లోనూ ఒక పొరపాటు చేశాను. మూడో ముక్కకు గుర్తుగా ఒక చెదల పుట్టను పెట్టుకున్నాను. సెప్టెంబరు వానలకు సగం కరిగిపోయింది. పోయినా చోటు తెలుస్తుంది కానీ, గుర్తుగా పుట్టను ఎంచుకున్నవాడి తెలివి గురించి మా మేనల్లుడు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ముక్కలు ఇవి: ఒకటి, గేటు వైపు లాంటానా పొదలు, బాగా ఎండ. రెండు, వెదురు. మూడు, గెడ్డ దాటే చోటు. నాలుగు, దట్టమైన నీడ, కాళ్ళ కింద ఎండుటాకులు. ఐదు, మళ్ళీ ఎండ, గడ్డి.

*ఇప్పటివరకు: నడకలు 3, నిలిచినవి 0, సీతాకోకలు 0. ఖర్చు: తాడు 120, టేపు 380, జప కౌంటర్ 60, మొత్తం 560 రూపాయలు. టికెట్లు, పెట్రోలు వేరు.*

జప కౌంటర్ అంటే వేలికి ఉంగరంలా తొడుక్కుని బొటనవేలితో నొక్కేది. సింహాచలంలో కొన్నాను. సీతాకోక కనపడగానే ఒక నొక్కు. మొత్తం ఎన్నో చెబుతుంది, ఏవి ఎన్నో చెప్పదు. ఐదు ముక్కలు, నలభై రకాలు ఉన్నప్పుడు అది దేనికీ అక్కరకు రాలేదు. ఇప్పుడది మా అత్తగారి దగ్గర ఉంది.

దశ 2: ఏ వేళకు నడవాలి (జూలై)

బ్రిటన్ రూల్లో ఉదయం 10:45 తర్వాతే నడవాలని ఉంది. ఎండ ఉన్నా 13 డిగ్రీల కన్నా తక్కువైతే నడవొద్దనీ ఉంది. విశాఖలో 13 డిగ్రీలు! జూన్‌లో నేను ఆ 10:45నే పట్టుకున్నాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది, సీతాకోకలన్నీ నీడలో రెక్కలు ముడుచుకుని కూర్చున్నాయి. అక్కడ చలికి కూర్చుంటాయి, ఇక్కడ వేడికి కూర్చుంటాయి. రూలు తప్పు కాదు, దాన్ని ఇక్కడికి ఉన్నదున్నట్టు తెచ్చుకోవడం తప్పు.

అందుకని రెండు రోజులు ఒకే దారిలో మూడేసి సార్లు నడిచాను.

మొదటి రోజు: 7:30కి 19, 8:45కి 52, 11:30కి 33.
రెండో రోజు: 7:30కి 14, 8:45కి 47, 11:30కి 29.

రెండు రోజులే కదా, ఇదేం పరీక్ష అని అడిగితే ఒప్పుకుంటాను. కానీ రెండు రోజులూ ఒకే మాట చెప్పాయి. అప్పటినుంచి 8:45 ఖాయం చేసుకున్నాను. ఆ వేళకు నడిచిన రెండు మాత్రమే లెక్కలో ఉంచాను.

థర్మామీటర్ గురించి ఒక మాట. 350 పెట్టి చిన్న డిజిటల్‌ది కొన్నాను, తేమ కూడా చూపిస్తుంది. మొదటి వారం జేబులో పెట్టుకున్నాను. 36.4, 36.6, 36.5. ఎంత నిలకడైన వాతావరణమో అని మురిసిపోయాను కూడా. అది నా ఒంటి వేడి. తర్వాత బ్యాగుకు వెనక తగిలిస్తే ఎండ తగిలి 41 చూపించింది. ఇప్పుడు నడక మొదలుపెట్టే ముందు నీడలో కొమ్మకు వేలాడదీసి, పది నిమిషాలు ఆగి రాసుకుంటున్నాను.

*ఇప్పటివరకు: నడకలు 11, నిలిచినవి 4 (52, 47, 44, 51), సీతాకోకలు 194. ఖర్చు 910.*

ఈ నెలలోనే గేటు దగ్గర ఊడ్చే ఆవిడతో పరిచయమైంది. మూడు సార్లు వెళ్ళి రావడం చూసి ఆగలేక అడిగింది.

"ఏటి బాబూ, పొద్దుట్నించి ఏటి లెక్కెడతన్నావు?"

"సీతాకోకచిలుకలమ్మా."

"అవేటి, నువ్వు లెక్కెట్టేదాకా నిలబడతాయేటి?"

నిలబడవు. అదే అసలు చిక్కు.

దశ 3: రాసుకోవడం, గుర్తుపట్టడం (ఆగస్టు, సెప్టెంబరు)

ముందు ఫోన్‌లో మాట్లాడుతూ రికార్డు చేశాను. చేతులు ఖాళీగా ఉంటాయని. ఇంటికొచ్చి వింటే గాలి హోరు, హైవే హారన్లు, మధ్యలో నా గొంతు "క్రో... కాదు కాదు... ఆఁ క్రోనే" (క్రో అంటే ఒక సీతాకోక పేరు). ఒక గంట నడకను కాగితం మీదకెక్కించడానికి రెండు గంటలు పట్టింది. వదిలేశాను.

ఇప్పుడు అట్టకు బిగించిన ఒకే కాగితం. ఎడమ వైపు పేర్లు, పైన ముక్కల అంకెలు, గళ్ళలో నిలువు గీతలు. పెన్సిల్ మాత్రమే వాడాలి, పెన్ను రాత చెమటకు అలుక్కుపోతుంది. తుంపర పడితే పైన ప్లాస్టిక్ కవరు. అట్టా కవరూ కలిపి 90.

ఇక గుర్తుపట్టడం. వీటికి తెలుగులో విడివిడిగా వాడుక పేర్లు దాదాపు లేవు, ఇంగ్లీషు పేర్లే రాసుకున్నాను. ఆగస్టంతా నా కాగితంలో కామన్ రోజ్‌లు తెగ కనిపించాయి. నల్ల రెక్కలు, వెనక రెక్కల మధ్యలో తెల్ల మచ్చలు, అంచున ఎర్ర మచ్చలు. పుస్తకంలో బొమ్మ అచ్చం అదే. టెన్షన్ లేకుండా గీతలు గీస్తూ పోయాను.

ఒకరోజు ఇంట్లో కాఫీ తాగుతుంటే పెరట్లో నుంచి మా ఆవిడ పిలిచింది. "ఏమండీ, మన కరివేపాకు తినేసే పురుగుల తల్లి వచ్చింది, చూడండి."

వెళ్ళి చూస్తే కామన్ రోజ్. కరివేపాకు మొక్క చుట్టూ రెక్కలు టపటపలాడిస్తూ, పొట్ట చివర వంచి లేతాకు మీద ఆనించి, మరుక్షణం ఇంకో కొమ్మ మీదకు పోయింది. ఆకు మీద ఆవగింజంత లేత పసుపు గుడ్డు. కామన్ రోజ్ ఈశ్వరి జాతి తీగల మీద తప్ప గుడ్డు పెట్టదు. కరివేపాకు, నిమ్మ, వెలగ కుటుంబం మీద పెట్టేది కామన్ మార్మన్. మళ్ళీ వాలినప్పుడు వంగి చూశాను. ఒళ్ళు నల్లగా ఉంది. అసలు రోజ్‌కి తల, పొట్ట ఎర్రగా ఉంటాయి.

ఈశ్వరి తీగ తిని పెరిగిన రోజ్ ఒంట్లో విషం ఉంటుంది, పక్షులు దాని జోలికి పోవు. మార్మన్ ఆడవాటిలో కొన్ని ఆ రోజ్ వేషమే వేసుకుంటాయి. ఇంకొన్ని క్రిమ్సన్ రోజ్ వేషం, మరికొన్ని తమ మగవాటిలాగే ఉంటాయి. పక్షుల కోసం వేసిన వేషానికి నేను పడ్డాను. నాలుగు వారాల "రోజ్"లలో ఎన్ని అసలువో ఇప్పుడు చెప్పలేను. ఫోటోలున్న వాటిని సరిచేసి, మిగతావాటిని "రోజ్ లేదా మార్మన్" అనే కొత్త వరసలోకి మార్చాను. క్రిమ్సన్ రోజ్ అని రాసుకున్న రెండూ ఫోటోలో మార్మన్లే అని తేలాయి, ఆ పేరు జాబితా నుంచి తీసేశాను.

ఆ గుడ్డు సంగతి: నాలుగో రోజు పురుగు బయటికొచ్చింది. మొదట్లో పక్షి రెట్టలా ఉంది, పెరిగాక పచ్చబడింది. ఆ నెలంతా పులుసులోకి కరివేపాకు బజారు నుంచే వచ్చింది.

ఎమిగ్రెంట్లతో ఇంకో రకం బాధ. తంగేడు, రేల చెట్ల మీద పెరిగే పచ్చటి తెల్లటి సీతాకోకలు. కామన్ అనీ మాటిల్డ్ అనీ రెండున్నాయి, ఆగకుండా రివ్వుమని పోతాయి. ఎగురుతుండగా తేడా చెప్పగలనని రెండు వారాలు నన్ను నేను నమ్మించుకున్నాను. చివరికి రెండింటినీ కలిపి ఒకే వరసగా పెట్టాను. తెలియనిది తెలిసినట్టు రాయడం కన్నా ఇదే మేలు.

ఇంకో తప్పు నా ఉద్యోగం వల్ల వచ్చింది. నాది షిఫ్టు డ్యూటీ. ఈ దశలో నిలిచిన ఆరు నడకలు ఇవి: 63, 58, 71, 66, 80, 74. రెండోదీ నాలుగోదీ రాత్రి డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా అటునుంచి అటే వెళ్ళినవి. ఆ రెండింటి సగటు 62. మిగతా నాలుగింటి సగటు 72. తగ్గిన పది ఎక్కడివా అని గళ్ళు చూస్తే పెద్దవన్నీ మామూలుగానే ఉన్నాయి. గోరంత ఉండే బ్లూస్ తగ్గాయి. గడ్డిలో, కాలి దగ్గర ఎగిరేవి. కళ్ళు మూతలు పడుతున్నవాడికి అవి కనపడవు. ఆ రెండూ కొట్టేయలేదు కానీ పక్కన "నిద్ర లేదు" అని రాశాను. ఆ తర్వాత నైట్ డ్యూటీ దిగి వెళ్ళడం మానేశాను.

ఏడో నడక మూడో ముక్కలో వానకు ఆగిపోయింది. సగం నడక లెక్కలో ఉండదు.

*ఇప్పటివరకు: నడకలు 18, నిలిచినవి 10, సీతాకోకలు 606. ఖర్చు 1000.*

దశ 4: గుంపు (అక్టోబరు)

మొదటి వారం 118. అప్పటిదాకా అదే ఎక్కువ. రెండో వారం ఐదో ముక్కలోకి అడుగుపెట్టేసరికి పెన్సిల్ ఆగిపోయింది.

దారి పక్కన జనుము జాతి అడవి మొక్కలున్నాయి. కాయ ఎండాక ఊపితే లోపల గింజలు గలగలమంటాయి. వాటిలో కొన్ని విరిగి వాడిపోయి ఉన్నాయి. వాటి మీద పువ్వు ఒక్కటి లేదు, అయినా కొమ్మ కనపడకుండా సీతాకోకలు. బ్లూ టైగర్లు, డార్క్ బ్లూ టైగర్లు, కామన్ క్రోలు. వాడిన కాడ మీద నాలుక ఆనించి కదలకుండా ఉన్నాయి. నా నీడ పడితే లేస్తాయి, గాల్లో ఒక చుట్టు తిరిగి మళ్ళీ అక్కడే వాలతాయి. ఆ మొక్కల్లో ఉండే చేదు రసాయనం కోసం ఎక్కువగా మగవే వస్తాయి. ఆడవాటిని ఆకర్షించే వాసన దాంతోనే తయారుచేసుకుంటాయి. అన్నట్టు, బ్లూ టైగర్ల శాస్త్రీయ నామంలో మొదటి మాట "తిరుమల". ఆ రద్దీ చూస్తే సరిగ్గానే పెట్టారనిపించింది.

ఒక్కొక్కటి గీత గీస్తూ వెళ్ళాను. ఆ ఒక్క ముక్కలోనే టైగర్లు, క్రోలు కలిపి 231. మిగతా దారంతా కలిపితే 65. మొత్తం 296 అని కింద రాసి, దాని కింద రెండు గీతలు గీసి, అప్పుడు అనుమానపడ్డాను. లేచి చుట్టు తిరిగినవాటిని మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టి ఉంటాను. వెంటనే వెనక్కి వెళ్ళి ఇంకోలా చేశాను:

1. గుంపుకు పది అడుగుల ముందే ఆగాలి. నీడ వాటి మీద పడకూడదు.
2. పది సీతాకోకలు ఎంత మేర ఉన్నాయో కళ్ళతో కొలుచుకోవాలి.
3. అలాంటి పదులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టాలి. ఎగురుతున్నవి ఉంటే చివర్లో కలపాలి.
4. ఒక్కసారే చేయాలి. నచ్చిన అంకె వచ్చేదాకా చేయకూడదు.

ఈసారి 17 పదులు, ఎగిరేవి నాలుగు. 174. ఏది నిజం? రెండూ కాకపోవచ్చు. 174ను ఉంచి, దాని చుట్టూ సున్న చుట్టాను, ఇది అంచనా అని గుర్తుగా. ఆ రోజు మొత్తం 239. 296 చూడ్డానికి బాగుండేది, కొట్టేసేటప్పుడు చెయ్యి రాలేదు.

తర్వాతి వారం తుపాను హెచ్చరికలతో పోయింది. ఈ ఊళ్ళో అక్టోబరంటే అందరికీ 2014 హుద్‌హుద్ గుర్తొస్తుంది. ఆ నెల 12న గాలికి ఈ కొండల మీద చెట్లు కూలాయి, పచ్చగా ఉన్నవి ఒక్క పూటలో ఆకు రాలి గోధుమ రంగుకు వచ్చేశాయి. అలాంటిది కాదు కానీ, వాన ఆగాక చూస్తే ఆ మొక్కలు నేలకు కరుచుకుపోయి ఉన్నాయి. గుంపు లేదు. 131.

*ఇప్పటివరకు: నడకలు 21, నిలిచినవి 13, సీతాకోకలు 1094 (అందులో 174 అంచనా).*

దశ 5: రెండనుకున్నది ఒకటే (నవంబరు నుంచి జనవరి)

ముందు వేళ గురించి. డిసెంబరులో ఎప్పటిలాగే 8:45కి మొదలుపెడితే దారి తూర్పున ఉన్న గుట్ట నీడ ఇంకా సగం దారి మీదే ఉంది. 11 కనపడ్డాయి. నేను కొలిచింది గుట్టను, సీతాకోకలను కాదు. ఆ నడక కొట్టేసి, చలికాలానికి 9:30కి మార్చాను. వేళ మారితే పాత లెక్కతో పోల్చవచ్చా అనేది న్యాయమైన ప్రశ్నే. ఎండ దారి మీదకు వచ్చాక ఎంతసేపటికి అనేది రాసుకుంటే గడియారం కన్నా అదే మంచి కొలత అనిపిస్తోంది. ఇప్పుడు రెండూ రాస్తున్నాను.

అసలు కథ నాలుగో ముక్కలో. ఆ ఎండుటాకుల మీద జూలై నుంచి ఒక గోధుమ రంగు సీతాకోక ఉండేది. రెక్కల అడుగున వరసగా కళ్ళలాంటి గుండ్రటి మచ్చలు. కామన్ ఈవెనింగ్ బ్రౌన్. నవంబరు వచ్చేసరికి అది తగ్గింది, దాని చోట్లోనే ఇంకోటి కనపడసాగింది. మచ్చల్లేవు, రెక్క కొస కొంచెం కొక్కెంలా వంగింది, అచ్చం ఎండుటాకు. కొత్త రకం దొరికిందని జాబితాలో 47వ అంకె వేశాను.

రెండు వారాల తర్వాత ఆ "కొత్త రకం" ఒకటి నా చెప్పు పక్కనే వాలి, రెక్కలు విప్పి మూసింది. ఒక్క క్షణం. ముందు రెక్క పైవైపు నల్ల మచ్చ, అందులో రెండు తెల్ల చుక్కలు, అంచున నారింజ రంగు. పాతదాని రెక్క లోపల ఉన్నది కూడా అదే. ఫోటోను ఐనాచురలిస్ట్‌లో (జీవులను గుర్తుపట్టడానికి వాడే వెబ్‌సైట్) పెడితే అదే జవాబు వచ్చింది. ఒకే సీతాకోకకు వానాకాలం ఒక బట్ట, ఎండు కాలం ఒక బట్ట. వానల్లో పచ్చగడ్డి మధ్య కళ్ళ మచ్చలు శత్రువు చూపును రెక్క అంచుకు మళ్ళిస్తాయి. ఆకులు రాలాక మచ్చలుంటే పట్టిస్తాయి, లేకపోతేనే బతుకుతుంది. పురుగుగా ఉన్నప్పటి వాతావరణాన్ని బట్టి ఏ బట్టో తేలిపోతుంది.

మిగతా బ్రౌన్లు తిరగేస్తే బుష్‌బ్రౌన్‌ను కూడా ఇలాగే రెండుగా రాసి ఉన్నాను. జాబితా అంకెలు అప్పటిదాకా సవరించలేదు. వెనకటి మార్పులు కూడా కలిపితే ఇలా వచ్చింది:

- ఈవెనింగ్ బ్రౌన్ రెండు ఒకటి: 47 నుంచి 46
- బుష్‌బ్రౌన్ రెండు ఒకటి: 45
- క్రిమ్సన్ రోజ్ తీసివేత: 44
- ఎమిగ్రెంట్లు కలిపి ఒకే వరస: 43

పేర్లు సరిచేస్తే అయిపోయేది కాదు. ఈవెనింగ్ బ్రౌన్లు జూలై కన్నా డిసెంబరులో తగ్గాయని నా కాగితం చెబుతోంది. తగ్గాయా, లేక ఆకుల్లో కలిసిపోయి నాకు కనపడలేదా? మేనల్లుణ్ణి పిలిచాను. నాలుగో ముక్కలో మొదటి వంద మీటర్లు నేను మామూలుగా నడిచాను, వాడు పది అడుగులు వెనక నేల మాత్రమే చూస్తూ వచ్చాడు. నేను నాలుగు రాశాను.

"ఎన్నిరా?"

"పదకొండు మావయ్యా. రెండు నువ్వు కాలేసిన చోట పక్కనే ఉన్నాయి."

ఆ ఏడూ నేను వెళ్ళాక లేచాయా, కూర్చునే ఉన్నాయా అని అడిగాను. ఐదు కదల్లేదట. వాటిని వాడెలా చూశాడో నాకు అర్థం కాలేదు. వయసు పదిహేడు, అంతే తేడా. వాడి లెక్క నా లెక్కలో కలపలేదు. కలిపితే డిసెంబరులో సీతాకోకలు పెరిగినట్టు కనపడుతుంది, పెరిగింది కళ్ళు. నెలకోసారి మాత్రం వాడితో ఇలా నడిచి, నేను ఎన్ని వదిలేస్తున్నానో విడిగా రాస్తాను. వాడికి ఇంటర్ పరీక్షలు, మార్చి దాకా రానన్నాడు.

ఈ దశలో నిలిచినవి ఏడు: 84, 77, 59, 48, 41, 36, 39.

*ఇప్పటివరకు: నడకలు 29, నిలిచినవి 20, సీతాకోకలు 1478, రకాలు 43. ఖర్చు 1000.*

ఫిబ్రవరి కాగితంలో మార్పులు

1. "ఎండ వచ్చి ఎన్ని నిమిషాలు" అనే గడి.
2. ఈవెనింగ్ బ్రౌన్, బుష్‌బ్రౌన్ ఒకే పేరు కింద రెండు గళ్ళు: మచ్చలున్నవి, లేనివి. మళ్ళీ మచ్చలు ఏ వారంలో వస్తాయో చూడాలి.
3. "నిద్ర" గడి. నైట్ డ్యూటీ దిగి వెళ్ళను కానీ, ముందు రాత్రి ఎన్ని గంటలు పడుకున్నానో రాస్తాను.
4. మూడో ముక్కకు పుట్ట బదులు కల్వర్టు అంచు గుర్తు. పుట్ట నుంచి అది 4 మీటర్ల 20 సెంటీమీటర్లు ముందుకుంది, ఆ మేర రెండో ముక్క చివర సర్దాను.

నాలుగోది కొలిచిన రోజున టేపు పట్టుకోవడానికి మేనల్లుడు లేడు. గేటు దగ్గరి ఆవిడే చీపురు పక్కన పెట్టి వచ్చి కొస పట్టుకుంది. "ఏటి బాబూ, ఈసారి దారి లెక్కెడతన్నావా?" అంది. అవునన్నాను. "ఇది నయం, నిలబడుద్ది" అంది.